సెకండ్ హ్యాండ్ కారు జాతకం: తనిఖీ రికార్డులు చదివే పద్ధతి

సెకండ్ హ్యాండ్ కారు అమ్మేవాళ్లెవరైనా ముందుగా తీసి చూపించేది ఒక కాగితం. కారు రోడ్డు మీద తిరగడానికి భద్రంగా ఉందో లేదో చూసే తప్పనిసరి తనిఖీ నిన్నో మొన్నో పాసైనట్టు సర్టిఫికెట్. "ఇంకో ఏడాది దాకా చూసుకోనక్కర్లేదు" అన్న మాట కూడా దాంతోపాటే వస్తుంది. నా మొదటి కారు నేను అలాగే కొన్నాను. నాలుగు నెలలు తిరిగాక వెనక చక్రం దగ్గర టప్పుమని చప్పుడైంది. లిఫ్ట్ ఎక్కించి చూసిన మెకానిక్ టార్చి వేసి చూపించాడు. స్ప్రింగ్ విరిగింది, అది కూర్చునే చోట ఇనుము పొరలు పొరలుగా లేచిపోయింది. ఆ రాత్రి కూర్చుని ఆ కారు పాత రికార్డులు తీశాను. మూడేళ్లు వరసగా ఒకటే మాట రాసి ఉంది: "వెనక సస్పెన్షన్ బిగింపు దగ్గర తుప్పు." నాకు చూపించిన కొత్త సర్టిఫికెట్లో మాత్రం ఆ మాట లేదు. పాతవి నేను అడగలేదు, అతను చూపించలేదు.

అప్పటినుంచి నాకోసం కొన్ని, స్నేహితుల కోసం చాలా రికార్డులు చదివాను. నాకు అర్థమైంది ఏమిటంటే, పాసా ఫెయిలా అన్న సంగతి ఆ కాగితాల్లో అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది. తనిఖీలో పాసవడం అంటే ఆ రోజు ఆ గంటలో రోడ్డు మీదికి వెళ్లడానికి కావాల్సిన కనీస భద్రత ఉందని మాత్రమే. కారు నమ్మకంగా నడుస్తుందా, నడిరోడ్డు మీద ఆగిపోతుందా అన్నది తనిఖీ అడిగే ప్రశ్నే కాదు. దానికి జవాబు కావాలంటే ఏళ్ల తరబడి రికార్డులన్నీ వరసగా పేర్చుకుని, ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోంది, ఏ మాట మాయమైంది, ఏ అంకె తేడాగా ఉంది అని చూడాలి. అలా చూస్తే కారు గురించి ఎంత తెలుస్తుందో, దాన్ని వాడిన మనిషి గురించి అంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

1. ముందు రికార్డులన్నీ చేతికి రావాలి

ఇది దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో ఎంఓటీ అనే ఏటేటా తనిఖీ ఉంది. 1960లో పదేళ్లు దాటిన కార్లకు మొదలైంది, 1967 నుంచి మూడేళ్లు నిండిన ప్రతి కారుకూ తప్పనిసరి అయింది. ఉత్తర ఐర్లండ్‌లో మాత్రం నాలుగేళ్లు. నంబర్ ప్లేట్ మీదున్న నంబరు కొడితే చాలు, పాత ఫలితాలు ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉచితంగా కనిపిస్తాయి. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ కార్లకు 2005 నుంచి రికార్డు ఉంది. జర్మనీలో మామూలు కార్లకు మొదటి తనిఖీ మూడేళ్లకు, తర్వాత రెండేళ్లకోసారి. జపాన్‌లో 'షాకెన్' కూడా దాదాపు అంతే, మొదట మూడేళ్లకు, ఆపైన రెండేళ్లకోసారి. ఆన్‌లైన్‌లో దొరకని చోట అమ్మేవాళ్లనే అడగాలి. "చివరిది కాదండీ, ఉన్నవన్నీ కావాలి" అని మొదటి ఫోన్‌లోనే చెప్పేయండి. ఫైల్ దాచుకున్నవాళ్లు సంతోషంగా ఇస్తారు. "అవన్నీ ఎందుకండీ, కొత్తది ఉందిగా" అన్నారంటే అదీ మీకు ఒక సమాచారమే.

కాగితాలు వచ్చాక అవి ఈ కారువేనా అని చూడాలి. ప్లేటు మారొచ్చు, ఛాసిస్ నంబర్ మారదు. 1981 నుంచి తయారైన చాలా కార్లలో అది అక్షరాలూ అంకెలూ కలిసి 17 గుర్తుల నంబరు. విండ్‌షీల్డ్ కింద మూలలోనో, డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క పిల్లర్ మీదో ఉంటుంది. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు రావు. ఒకటి, సున్నాలతో పొరబడకూడదని వాటిని వాడరు. కాగితం మీద ఆ నంబర్‌లో ఓ కనిపించిందంటే ఎవరో చూసి రాసేటప్పుడు సున్నాను తప్పు చదివారన్నమాట.

తర్వాత పాతది పైన, కొత్తది కింద వచ్చేలా ఒక తెల్లకాగితం మీద ఎత్తి రాసుకోండి. తేదీ, కిలోమీటర్లు, ఫలితం, రాసిన లోపాలు. ఫోన్‌లో స్క్రోల్ చేస్తూ చదివితే ఏదో ఒకటి తప్పకుండా జారిపోతుంది. చేత్తో రాస్తే రాసేటప్పుడే సగం విషయం బయటపడుతుంది.

2. తేదీల మధ్య ఖాళీలు

ఏటా మార్చిలో తనిఖీకి వచ్చిన కారు ఒక ఏడాది రాలేదు. మళ్లీ ఇరవై నెలల తర్వాత కనిపించింది. ఆ మధ్యలో ఎక్కడుంది? ప్రమాదమై షెడ్డులో ఉండొచ్చు, యజమాని విదేశానికి వెళ్లి ఉండొచ్చు, తనిఖీ లేకుండానే తిప్పి ఉండొచ్చు. ఖాళీకి ముందూ తర్వాతా ఉన్న కిలోమీటర్లు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. రీడింగ్ పెద్దగా కదలకపోతే కారు నిలబడి ఉంది. మామూలుగానే పెరిగితే తనిఖీ లేకుండా నడిచింది.

2020 నాటి ఖాళీలకు మాత్రం మినహాయింపు ఇవ్వండి. కోవిడ్ కారణంగా చాలాచోట్ల గడువులు పొడిగించారు. బ్రిటన్‌లో ఆ ఏడాది మార్చి 30 నుంచి జూలై ఆఖరు వరకు గడువు తీరాల్సిన కార్లకు ఆరు నెలలు అదనంగా ఇచ్చారు. ఆ ఖాళీ చూపించి బేరమాడితే అమ్మేవాళ్లు మీకే పాఠం చెబుతారు.

ఇంకో ఖాళీ అందరి కళ్ల ముందే ఉంటుంది కానీ ఎవరూ పట్టించుకోరు. మొదటి మూడేళ్లు. కొత్త కారుకు తనిఖీ అక్కర్లేదు కాబట్టి అక్కడ రికార్డే ఉండదు. కంపెనీలు లీజుకు తీసుకుని తెగ తిప్పిన కార్లు చాలావరకు సరిగ్గా మూడేళ్లకే అమ్మకానికి వస్తాయి. అందుకే మూడేళ్ల కారు "రికార్డు శుభ్రంగా ఉంది" అంటే దాని అర్థం రికార్డు ఇంకా మొదలే కాలేదని.

3. కిలోమీటర్లు: ఒక్కో ఏడాదికి ఎంత?

ఒక రీడింగ్‌లోంచి దాని ముందు రీడింగ్ తీసేయండి. వచ్చిన తేడాలను పక్కనే రాసుకోండి. ఈ తేడాల వరసే కారు నాడి. ఎన్నో ఇళ్లలో కారు ఏడాదికి పది పదిహేను వేల కిలోమీటర్లు తిరుగుతుంది. అంకె ఎంతన్నది పెద్ద విషయం కాదు, దాని తీరు చూడండి.

రీడింగ్ వెనక్కి వెళితే అందరూ ఉలిక్కిపడతారు. తొందరపడకండి. ఆ అంకెను తనిఖీ చేసే మనిషి చూసి ఎక్కించినప్పుడు పొరపాటు జరగొచ్చు. 64,300కి బదులు 46,300 పడిందనుకోండి, ముందుదీ తర్వాతదీ వరసలో సరిగ్గా ఉంటే అది వేలు జారడమే. అలాకాకుండా రీడింగ్ పడిపోయి, ఆ తర్వాతి ఏళ్లన్నీ ఆ తక్కువ అంకె నుంచే పెరుగుతూ వస్తే మీటర్ మార్చారు, లేదా తిప్పారు. పాడైన మీటర్‌ను నిజాయితీగా మార్చినవాళ్ల దగ్గర దానికి బిల్లు ఉంటుంది. ఒక్క ఏడాదిలో రీడింగ్ దాదాపు 1.6 రెట్లు అయినా, అదే లెక్కలో తగ్గినా మైళ్లు, కిలోమీటర్ల గందరగోళమేమో చూడండి. ఒక మైలు అంటే 1.609 కిలోమీటర్లు. వేరే దేశం నుంచి దిగుమతైన కార్లలో ఇది తరచుగా కనిపిస్తుంది.

తెలివిగా మీటర్ తిప్పేవాళ్లు రికార్డు కిందికి రానివ్వరు. పోయినసారి తనిఖీలో 90,000 ఉంది, ఏడాదిలో ముప్ఫై వేలు తిరిగింది, అమ్మేముందు దాన్ని 94,000కి దించారు. కాగితం మీద అంకె పెరుగుతూనే ఉంది, తప్పు పట్టడానికేం లేదు. అందుకే ఏడాదికి ఇరవై వేల చొప్పున పరుగెత్తిన కారు అమ్మే ముందు ఏడాది ఉన్నట్టుండి నాలుగు వేలకు పడిపోతే కారణం అడగాలి. ఉద్యోగం మారడం, ఇంట్లో రెండో కారు రావడం నిజంగా జరిగేవే. కానీ ఆ మాటకు బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ అరుగుదల, డ్రైవర్ సీటు అంచు సాక్ష్యం చెప్పాలి. మొదటి తనిఖీకి ముందు, అంటే రికార్డే లేని ఆ మూడేళ్లలో తిప్పిన మీటర్‌ను తనిఖీ రికార్డు ఎప్పటికీ పట్టుకోలేదు. దానికి సర్వీస్ బిల్లులే దిక్కు.

తక్కువ తిరిగిన కారంటే చాలామందికి ప్రాణం. నాకు మాత్రం ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగిన పదేళ్ల కారు కొంచెం టెన్షనే. ఇంజిన్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేసే చిన్న చిన్న ప్రయాణాలే చేసి ఉంటే ఆయిల్‌లో తేమ చేరుతుంది, సైలెన్సర్ లోపలినుంచి తుప్పు పడుతుంది. డీజిల్ కారైతే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ పూడుకుపోతుంది. అది శుభ్రపడాలంటే ఇంజిన్ కొంతసేపు బాగా వేడిగా, వేగంగా నడవాలి. ఇలాంటి కార్ల రికార్డులో "బ్రేక్ డిస్కులకు తుప్పు", "టైరు పక్కగోడలు పగిలాయి" లాంటి మాటలు కనిపిస్తాయి. అవి వాడినందువల్ల కాదు, వాడనందువల్ల వచ్చిన జబ్బులు.

4. లోపాలను మూడు కుప్పలుగా విడగొట్టండి

అసలు పని ఇక్కడుంది, తొందరపడొద్దు. యూరప్‌లో 2018 మే నుంచి లోపాలను చిన్నవి, పెద్దవి, ప్రమాదకరమైనవి అని మూడు తరగతులుగా రాస్తున్నారు. బ్రిటన్‌లో వీటితో పాటు 'అడ్వైజరీ' అని ఇంకొకటి ఉంది. ఇప్పుడు తప్పు కాదు కానీ ముందుముందు అవ్వొచ్చు అని చెప్పే గమనిక. ఈ తరగతులు భద్రత కోసం పెట్టినవి. కారు కొనేవాళ్లకు వేరే తరగతులు కావాలి.

మొదటి కుప్ప: అరిగి మార్చేవి. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బల్బులు, వైపర్ బ్లేడ్లు. ఎంఓటీలో కార్లు ఫెయిలవడానికి అతి సాధారణ కారణం లైట్ల లోపాలే. వీటికీ కారు నమ్మకానికీ సంబంధం లేదు. కానీ యజమానికి ఉంది. బల్బు పోయిందో లేదో గోడ ముందు కారు పెట్టి రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. ప్రతి ఏడాదీ బల్బుకూ వైపర్‌కూ ఫెయిలయ్యే కారు ఎవరిదంటే, తనిఖీ కేంద్రం వాళ్లే చూసి చెబుతారులే అనుకునే మనిషిది. అలాంటివాళ్లు ఇంజిన్ ఆయిల్ గేజ్ తీసి చూస్తారని నేను అనుకోను.

రెండో కుప్ప: కదిలే భాగాల అరుగుదల. సస్పెన్షన్ ఆర్మ్ బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు ముక్కలు), బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు, వీల్ బేరింగులు, స్టీరింగ్ రాడ్ చివర్లు. లక్ష కిలోమీటర్లు దాటిన కారులో ఇవి కనిపించడం సహజం. ముప్ఫై నలభై వేలకే కనిపిస్తే గుంతల రోడ్లో, బరువు మోతో, ఆ మోడల్ బలహీనతో ఉంది. లేదంటే మీటర్ అబద్ధం చెబుతోంది.

మూడో కుప్ప: బాడీ తుప్పు, ఆయిల్ లాంటివి కారడం. ఇక్కడ మాటలను అక్షరం అక్షరం చదవాలి. "పైపైన తుప్పు" వేరు, "ఎక్కువ తుప్పు" వేరు, "బలం తగ్గింది", "రంధ్రం పడింది" వేరు. ఇవి మెట్లు. ఒక ఏడాది మొదటి మెట్టు, రెండేళ్లకు రెండోది వస్తే మూడోది ఎప్పుడొస్తుందో మీరే లెక్కేసుకోవచ్చు. తుప్పు ఎంత అన్నది ఒకటి, ఎక్కడ అన్నది ఇంకొకటి. ఎంఓటీ నిబంధనల్లో సీటు బెల్టు, సస్పెన్షన్, స్టీరింగ్ లాంటివి బిగించిన చోటికి 30 సెంటీమీటర్ల లోపల బాడీ బలం తగ్గితే ఫెయిల్ చేస్తారు. డోర్ కింద అంచుకు పట్టిన తుప్పు చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, అంతే. సస్పెన్షన్ బిగించిన చోటి తుప్పు కంటికి కనిపించదు, జేబును ఖాళీ చేస్తుంది. నాకు తగిలింది అదే.

"కింద కవర్లు ఉన్నందున పరిశీలించలేకపోయాం" లాంటి గమనికలు కూడా ఉంటాయి. తనిఖీ చేసేవాళ్లు ఏ భాగాన్నీ విప్పరు. కాబట్టి అది లోపం లేదని కాదు, చూడలేదని. రెండేళ్లు తుప్పు గమనికలుండి, ఈ ఏడాది కారు కిందంతా తాజాగా నల్లటి తారు పూతతో మెరుస్తుంటే, తుప్పును గీకి శుభ్రం చేసి పూశారా, పైన కప్పేశారా అని అడగాలి. తుప్పు మీద పూసిన పూత కింద తుప్పు హాయిగా పెరుగుతుంది.

ఆయిల్ కారడం గురించి ఒక మాట. "కొద్దిగా చెమ్మ" అని రాస్తే చాలా పాత కార్లకు అది మామూలే. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ కారితే మాత్రం చిన్నదని వదలకండి, ఇంజిన్ వేడెక్కి దాని పై భాగాన్ని మూసి ఉంచే హెడ్ గ్యాస్కెట్ దాకా పోతుంది.

5. మళ్లీ మళ్లీ వచ్చేది, మాయమయ్యేది, ఒక్కసారిగా ఊడిపడేది

మూడు కుప్పలూ తయారయ్యాక ఏళ్ల వరసలో పై నుంచి కిందికి చూడండి.

ఒకే గమనిక మూడేళ్లు వరసగా వచ్చిందంటే యజమానికి చెప్పినా చేయించలేదు. ఖర్చు చిన్నదైనా వాయిదా వేసే అలవాటు అది. ఏటా ఏదో ఒకటి రాసి, మరుసటి ఏడాదికి అది పోయి వేరేది వస్తుంటే ఇది చక్కటి కారు. గమనికలు ఎక్కువున్నాయని అలాంటి కారును వదిలేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఎప్పుడూ ఏమీ రాయని పన్నెండేళ్ల కారు కన్నా అది నయం. నిజంగా అంత మచ్చలేని పాత కారు అరుదు, చూసీచూడనట్టు ముద్ర వేసే కేంద్రాలు అంత అరుదు కాదు.

ఒకే జబ్బు వేరు వేరు పేర్లతో రావడం కూడా గమనించండి. "టైరు లోపలి అంచు అరిగింది" అన్నది టైరు సమస్య కాదు. చక్రాల అలైన్‌మెంట్ తప్పింది, లేదా బుష్ అరిగింది, లేదా ఎప్పుడో దెబ్బ తగిలి ఏదో వంగింది. టైరు మారిస్తే గమనిక పోతుంది, జబ్బు ఉంటుంది, రెండేళ్లకు మళ్లీ అదే మూల అదే టైరు కనిపిస్తుంది. ముందా వెనకా, ఎడమా కుడా అన్నది కూడా ఎత్తి రాసుకోమనేది ఇందుకే.

మాయమైన గమనికకు రెండే దారులు. బాగు చేయించారు, అప్పుడు బిల్లు ఉంటుంది. లేదా ఈసారి చూసినవాళ్లు రాయలేదు. పాత గమనికలన్నీ ఒకేసారి మాయమై, తనిఖీ కేంద్రం కూడా అదే సమయంలో మారి, అది అమ్మకానికి పెట్టే ముందు వారమైతే ఆ సర్టిఫికెట్‌ను పక్కనపెట్టి దాని ముందుదాన్ని అసలైనదిగా తీసుకోండి.

ఒకే తనిఖీలో ఒకే మూలన మూడు నాలుగు కొత్త లోపాలు ఊడిపడితే, అంటే హెడ్‌లైట్ గురి తప్పడం, అదే వైపు స్టీరింగ్ రాడ్, అదే వైపు టైరు, ఆ మధ్యలో ప్రమాదం జరిగిందేమో కనుక్కోండి.

ఫెయిలై అదే రోజు పాసైతే చిన్న పని. మూడు వారాలు పట్టిందంటే వెల్డింగో, దొరకని స్పేర్ పార్టో, డబ్బులో అడ్డొచ్చింది. మంచిదే, దానికి తప్పకుండా బిల్లు ఉండాలి. అడగండి.

6. నివేదికలో అంకెలు ఉంటే

కొన్ని దేశాల నివేదికల్లో బ్రేక్, పొగ కొలతలు కూడా అచ్చవుతాయి. దొరికితే వదలకండి. బ్రేకులను రోలర్ల మీద ఒక్కో చక్రానికి కొలుస్తారు. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల మధ్య తేడా 30 శాతం దాటితే యూరప్ నిబంధనల ప్రకారం లోపం. 28 శాతంతో పాసైన కారు కాగితం మీద పాసే. ఒక ఏడాది 8, తర్వాత 17, తర్వాత 28 అంటే ఒక వైపు క్యాలిపర్, అంటే బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం, బిగుసుకుపోతోందేమో చూడాలి.

పెట్రోల్ కారు పొగలో చూడాల్సింది కార్బన్ మోనాక్సైడ్, లాంబ్డా (ఇంజిన్‌లో గాలీ పెట్రోలూ ఏ పాళ్లలో కలుస్తున్నాయో చెప్పే అంకె). ఇంజిన్ కాస్త వేగంగా తిరిగేటప్పుడు ఆధునిక కార్లకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 0.2 శాతం, లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. ఏటా పరిమితి వైపు జరుగుతుంటే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరో, ఆక్సిజన్ సెన్సారో ముసలిదవుతోంది. ఇంజిన్ లోపలి ఆరోగ్యం గురించి తనిఖీ కాగితం ఇచ్చే సూచన దాదాపు ఇదొక్కటే.

ఒక కారును చదువుదాం

ఇది ఊహించుకున్న కారే. 2014లో రోడ్డెక్కిన పెట్రోల్ కారు.

2017 ఏప్రిల్, 38,200 కి.మీ. పాస్.
2018 ఏప్రిల్, 51,000. పాస్. ముందు టైర్లు అరుగుతున్నాయి.
2019 ఏప్రిల్, 63,900. నంబర్ ప్లేట్ లైటుకు ఫెయిల్, అదే రోజు పాస్. ముందు ఎడమ టైరు లోపలి అంచు అరిగింది.
2020 అక్టోబర్, 72,400. పాస్. ముందు ఎడమ ఆర్మ్ బుష్ అరుగుదల, వెనక బ్రేక్ పైపులకు తుప్పు.
2021 అక్టోబర్, 80,100. ముందు ఎడమ బుష్‌కు ఫెయిల్, మూడు రోజులకు పాస్. వెనక బ్రేక్ పైపులకు తుప్పు.
2022 అక్టోబర్, 87,600. పాస్. వెనక బ్రేక్ పైపులకు తుప్పు, ముందు రెండు టైర్ల లోపలి అంచులు.
2023 అక్టోబర్, 91,000. వెనక బ్రేక్ పైపుకు ఫెయిల్, రెండు రోజులకు పాస్. ఇంజిన్ నుంచి ఆయిల్ కారుతోంది.
2024 మే, 91,900. పాస్. గమనికలేవీ లేవు.

కిలోమీటర్ల తేడాలు చూడండి: 12,800, 12,900, ఏడాదిన్నరలో 8,500, తర్వాత 7,700, 7,500, 3,400, చివరి ఏడు నెలల్లో 900. 2020లో తగ్గడం అందరిదీ. ఆ తర్వాత ఏడున్నర వేల దగ్గర స్థిరపడిందంటే యజమాని పనో, యజమానే మారి ఉండొచ్చు. చివరికి దాదాపు నిలబడిపోయింది. బ్యాటరీ పరిస్థితీ, బ్రేకులూ చూడాలి.

ఎడమ ముందు మూల కథ 2019లో టైరుతో మొదలై, 2020లో బుష్‌గా పేరు మార్చుకుని, 2021లో ఫెయిలైంది. బుష్ మార్చారు. కానీ 2022లో రెండు టైర్లూ లోపలే అరిగాయి. బుష్ మార్చాక అలైన్‌మెంట్ చేయించి ఉండరు. బ్రేక్ పైపుల గురించి మూడుసార్లు చెప్పించుకుని నాలుగోసారి ఫెయిలయ్యాక మార్చారు. అంటే ఈ మనిషి ఫెయిలైతే తప్ప చేయించరు. అలాంటి చేతుల్లో ఇంజిన్ ఆయిల్ వేళకు మారిందా అన్నది నా మొదటి అనుమానం. 2023లో కారిన ఆయిల్ 2024లో కారట్లేదు. ఏడు నెలల్లో రెండో తనిఖీ ఎందుకు చేయించారు? అమ్మడానికి. ఆయిల్ సీల్ మార్చిన బిల్లు ఉంటే సరే. లేకపోతే ఇంజిన్‌ను నీళ్లతో కడిగి తీసుకెళ్లారేమో.

ఇది చెడ్డ కారు కాదు. తుప్పు బ్రేక్ పైపులు దాటి బాడీలోకి వెళ్లలేదు, కిలోమీటర్లు నమ్మేలా ఉన్నాయి. బ్రేక్ పైపులకూ, ఆయిల్ సీల్‌కూ బిల్లులు చూపిస్తే, అలైన్‌మెంట్, టైర్ల ఖర్చు ధరలో తగ్గించుకుని నేనైతే కొంటాను. బిల్లులు లేకపోతే వదిలేస్తాను.

7. రికార్డుకు కనిపించనివి

ఎంఓటీ ఇంజిన్, క్లచ్, గేర్ బాక్స్ పరిస్థితిని చూడదని బ్రిటన్ ప్రభుత్వమే రాసి పెట్టింది. మిగతా చోట్ల కూడా తనిఖీ వీటి జోలికి పెద్దగా పోదు. వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్ట్ తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. నిన్న పాసైన కారులో రేపు అది తెగొచ్చు, తనిఖీ తప్పేం కాదు. టర్బో, ఆటోమేటిక్ గేర్ బాక్స్, ఏసీ కూడా అంతే. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో పెద్ద బ్యాటరీలో ఎంత సత్తా మిగిలిందన్నది మామూలు తనిఖీ కాగితంలో ఉండదు, విడిగా పరీక్ష చేయించాలి. ఈ కార్లలో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది కాబట్టి బ్రేక్ డిస్కులు వాడక లేక తుప్పుపడతాయి. వాటి రికార్డులో డిస్కుల గురించి రాసి ఉంటే బెదిరిపోకండి.

కాబట్టి తనిఖీ రికార్డు పక్కన సర్వీస్ బిల్లులు పెట్టి తేదీలూ కిలోమీటర్లూ కలిపి చూడండి. రెండు చోట్లా అంకెలు ఒకే గీత మీద రావాలి. సర్వీస్ పుస్తకంలో ముద్రలన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

8. ఒక్క కారు కాదు, ఆ మోడల్ మొత్తం

జర్మనీలో తనిఖీలు చేసే టీయూవీ సంస్థలు ఏటా ఒక నివేదిక వేస్తాయి. సుమారు కోటి తనిఖీల ఫలితాలను మోడల్ వారీగా, వయసు వారీగా, ఎంత శాతం కార్లలో పెద్ద లోపాలు దొరికాయో చూపిస్తుంది. మీరు చూస్తున్న మోడల్‌కు సస్పెన్షనా, బ్రేకులా, ఆయిల్ కారడమా ఏది బలహీనతో అందులో తెలుస్తుంది. అయితే పట్టికలో సగటు కిలోమీటర్ల గడి కూడా చూడాలి. ఒక మోడల్ పట్టిక అడుగున ఉండటానికి కారణం అది టాక్సీలాగా తిరగడమే కావొచ్చు. పైనున్న మోడల్ వారానికోసారి బయటికి తీసే పెద్దవాళ్ల కారు కావొచ్చు.

పైగా తనిఖీలో దొరికే లోపం వేరు, దారిలో ఆగిపోవడం వేరు. జర్మన్ మోటారిస్టుల సంఘం ఏడీఏసీ దారిలో ఆగిన కార్ల లెక్కలు విడిగా ప్రచురిస్తుంది. వాటిలో అతి పెద్ద కారణం మామూలు 12 వోల్టుల బ్యాటరీ. తనిఖీలో దాని సత్తాను ఎవరూ కొలవరు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి.

9. కాగితం పట్టుకుని కారు దగ్గరికి

ఇంట్లో రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్లండి. ఇంజిన్ చల్లగా ఉండగా చూస్తానని ముందే చెప్పండి. రికార్డులో పేరున్న ప్రతి మూలనూ వెతకండి. ముందు ఎడమ టైరు లోపలి అంచు చేత్తో తడిమి చూడండి, కంటికి కనిపించనిది వేలికి తగులుతుంది. టైరు పక్కన ఉన్న నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. "పోయినేడు కొత్త టైర్లు వేయించాను" అన్న మాటకు అదే జవాబు.

ప్రశ్నలు అడిగే పద్ధతి కూడా ఉంది. "కారులో ఏమైనా సమస్యలున్నాయా?" అంటే "అస్సల్లేవండీ" అంటారు. "2022లో బ్రేక్ పైపులకు తుప్పు అని రాశారు కదా, ఎక్కడ మార్పించారు?" అని అడగండి. నిజంగా చేయించినవాళ్లు షెడ్డు పేరూ, ఎంతైందో, ఎన్నాళ్లు తిప్పించుకున్నారో కూడా చెబుతారు, తిట్టుకుంటూ చెబుతారు. తెలియనివాళ్లు తెలియదంటారు, అదీ పర్వాలేదు. "అవన్నీ ఊరికే రాస్తారండీ" అన్నవాళ్ల దగ్గర నేను టెస్ట్ డ్రైవ్ కూడా అడగను.

అన్నీ నచ్చాక, డబ్బు చేతులు మారకముందు, కారును మీ మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించండి. మీ కాగితం అతనికి ఇచ్చి, అందులో ఉన్నవి చూశాకే మిగతావి చూడమనండి. లిఫ్ట్ ఎక్కించడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే తాళాలు తిరిగిచ్చేయండి.